గ్రూపు ఎంచుకునే ముందు: పదో తరగతి తల్లిదండ్రులకు ఒక ఉత్తరం

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

సంక్రాంతి సెలవుల తర్వాత నా గదికి వచ్చిన వాళ్లలో చాలామంది అడిగింది ఒకటే: "మేడం, ఎంపీసీనా, బైపీసీనా?" పోయిన వారం ఒక నాన్నగారు మాత్రం దిగులుగా కూర్చుని, "మా అమ్మాయి హెచ్‌ఈసీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, పౌరశాస్త్రం) అంటోంది. మార్కులు బాగానే వస్తున్నాయి కదా, మరి ఇదేం కోరిక?" అన్నారు. అప్పటికప్పుడు నేనిచ్చిన జవాబు నాకే సరిపోలేదు. అందుకే ఈ ఉత్తరం.

నేను ఇరవై రెండేళ్లు లెక్కలు చెప్పినదాన్ని. లెక్కలంటే నాకెంత ఇష్టమో ఇక్కడ చదివిన పిల్లలందరికీ తెలుసు. చరిత్ర, ఆర్థికశాస్త్రం, తెలుగు చదివితే బతుకుతెరువు ఉండదన్న మాట తప్పని నేను చెబితే, అందుకైనా వింటారని ఆశ.

దసరా తర్వాత సోషల్ సారు తొమ్మిదో తరగతి పిల్లల్ని అంగడికి తీసుకెళ్లారు. "పుస్తకాలు వదిలి అంగడికెందుకు?" అని కొందరు ఫోన్లు చేశారు. ఎందుకో చెప్తాను. ఒక అమ్మాయి కూరగాయలమ్మే అవ్వ పక్కన కూర్చుని మాట్లాడింది. అవ్వ పొద్దున 900 రూపాయలు అప్పు తెచ్చి సరుకు కొంటుంది, సాయంత్రం 1,000 కడుతుంది. వారంలో ఆరు రోజులు, ఆరు ఊళ్ల అంగళ్లు. పిల్ల అక్కడే నోటుబుక్కులో లెక్క వేసింది: నాలుగు వారాలకు వడ్డీయే 2,400. అవ్వ ఎన్నడూ అట్లా కలిపి చూసుకోలేదు. "రోజుకు నూరే కదా బిడ్డా" అందట.

పిల్లకు కోపం వచ్చింది. ఆ కోపంలో రాసిన మొదటి రిపోర్టు "ఫైనాన్సు వాళ్లు దోచుకుంటున్నారు" అని మొదలై అక్కడే ఆగింది. సారు కొట్టివేతలేమీ పెట్టలేదు. "అప్పిచ్చినాయన్ని అడిగావా?" అని కింద రాసి తిరిగిచ్చారు. మరుసటి వారం వెళ్లి అడిగింది. పది మందిలో ఒకరిద్దరు ఎగ్గొడతారని, ఏ కాగితమూ అడగకుండా తెల్లవారుజామున అప్పిచ్చే బ్యాంకు ఉంటే చూపించమని ఆయన అన్నాడు. దాంతో పిల్లకు ఇంకో ప్రశ్న పుట్టింది. వీధి వ్యాపారులకు 2020 నుంచి పీఎం స్వనిధి అప్పులున్నాయి కదా, అవ్వకెందుకు రాలేదు? ఆ పథకం పట్టణాల్లో అమ్ముకునేవాళ్ల కోసం పెట్టిందనీ, ఊరూరా అంగళ్లు తిరిగే అవ్వ దాని లెక్కలోకి రావడం కష్టమనీ తెలుసుకుంది. మూడోసారి రాసిన రిపోర్టు రెండు పేజీలు. నేను దాన్ని రెండుసార్లు చదివాను.

అప్పు దరఖాస్తు చూసే బ్యాంకు ఆఫీసరు, కేసు కట్ట విప్పే వకీలు, విలేకరి, తహసీల్దారు రోజూ చేసేది ఇదే పని. ఇద్దరి మాటా వినాలి, అంకెలు సరిచూడాలి, రూలు ఏమంటుందో వెతకాలి, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా రాయాలి.

పరీక్షలు కూడా దీన్నే అడుగుతున్నాయి. సివిల్స్ మెయిన్స్‌లో ర్యాంకుకు లెక్కపెట్టే 1,750 మార్కులకూ చేత్తో రాయాల్సిందే, బిట్లు ఉండవు. అందులో వ్యాసానికే 250. ఆప్షనల్‌గా తెలుగు సాహిత్యం తీసుకుంటే దానికి 500. శామీర్‌పేటలోని న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్‌లో లా చదవాలంటే రాసే క్లాట్‌ పరీక్ష ఇంటర్‌లో ఏ గ్రూపు వాళ్లకైనా తెరిచే ఉంది. అక్కడ పేరాలు చదివి ఆలోచించడం మీదే ప్రశ్నలు. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ కాగానే చేరే ఐదేళ్ల ఎంఏ కోర్సులున్నాయి, సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షలో వచ్చే మార్కులతో సీటిస్తారు. కడప జిల్లాలో పుట్టిన వై.వి. రెడ్డి గారు చదివింది ఆర్థికశాస్త్రం. 2003 నుంచి 2008 దాకా రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా ఉన్నారు.

ఒక్క సబ్జెక్టుకే కట్టుబడకుండా సాహిత్యం, చరిత్ర, సైన్సు లాంటివి కలిపి చదివే చదువును లిబరల్ ఆర్ట్స్ అంటారు. అది విదేశీ ఫ్యాషన్ అనుకోకండి. 2020 జాతీయ విద్యా విధానం ఈ మాట వచ్చినచోట సంస్కృత కవి బాణభట్టు చెప్పిన 64 కళలను గుర్తుచేసింది. పాట, చిత్రలేఖనాల పక్కనే గణితం, వైద్యం, వడ్రంగం, వాదం కూడా ఆ కళల్లో ఉన్నాయి. అంటే ఎంపీసీ తీసుకునే పిల్లలకూ ఇది వర్తిస్తుంది. కోడు రాసే అబ్బాయి అదెవరి కోసమో కనుక్కోగలగాలి, తప్పెక్కడుందో నాలుగు వాక్యాల్లో చెప్పగలగాలి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. గైడు డిక్టేట్ చేసి, పరీక్ష ముందు బట్టీ పట్టించే కాలేజీలో బీఏ చదివితే ఈ లాభాలేవీ రావు. లిబరల్ ఆర్ట్స్ పేరుతో ఏడాదికి లక్షలు తీసుకునే ప్రైవేటు యూనివర్సిటీలూ ఉన్నాయి. స్కాలర్‌షిప్ సంగతి రాతపూర్వకంగా తేలకుండా అప్పు చేయొద్దు. కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు ఫీజు కన్నా ముందు లైబ్రరీ రిజిస్టరు చూపించమనండి. పిల్లలు ఏం పుస్తకాలు తీసుకెళ్తున్నారో, అసలు తీసుకెళ్తున్నారో లేదో అందులో తెలుస్తుంది.

వచ్చే ఏడాది నుంచి లైబ్రరీ పీరియడ్ తీసేసి ఐఐటీ ఫౌండేషన్ క్లాసు పెట్టమని కొందరు అడిగారు. మీ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ ఆ పీరియడ్ తీయను. ఫౌండేషన్ క్లాసు కావాలన్న వాళ్లకు బడి వదిలాక ఒక గంట పెడతాం.

ప్రీఫైనల్ పరీక్షలయ్యాక, మొదటి శనివారం సాయంత్రం నాలుగింటికి గ్రూపుల గురించి మాట్లాడుకుందాం. పిల్లల్ని వెంట తీసుకురండి. వాళ్లేం చదవాలనుకుంటున్నారో, ఎందుకో, ఒక పేజీ సొంతంగా రాసుకుని రమ్మనండి. ఆ కాగితం ముందు మీరు ఇంట్లో చదవండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు