ఇంజన్ పని నేర్పేవారు ముందు కొలత నేర్పాలి

సంపాదకులకు,

యాసంగి కోతలు దగ్గరపడితే నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అరిగిన ఇంజన్ సిలిండర్లను కోసి సరిచేసే బోరింగ్ షాపులకు ట్రాక్టర్లు, వరికోత మిషన్ల ఇంజన్ బ్లాకులు వరుసగా వస్తాయి. ఐటీఐలో రెండేళ్లు మెషినిస్టు, టర్నర్ ట్రేడు చేసిన పిల్లలు లేత్ బాగానే నడుపుతున్నారు. అరిగిన బ్లాకు ముందు పెడితే మాత్రం ఎక్కడ కొలవాలో చాలామందికి తెలియడం లేదు.

పిస్టన్ పైకీ కిందికీ ఆడే సిలిండర్ అంతటా ఒకేలా అరగదు. పిస్టన్ పై రింగు ఆగి వెనుదిరిగే చోట వేడి ఎక్కువ, ఆయిల్ పొర పలుచన. అరుగుదల అక్కడే ఎక్కువ. అందుకే సిలిండర్ లోపలి వెడల్పు కొలిచే డయల్ బోర్ గేజీతో పైన, నడుమ, కింద, ప్రతిచోటా క్రాంకు (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెంబడి ఒకసారి, అడ్డంగా ఒకసారి, మొత్తం ఆరు కొలతలు తీయాలి. 0.25 మి.మీ. పెద్ద పిస్టన్ (ఓవర్‌సైజు) సరిపోతుందా, 0.50కి పోవాలా అన్నది అప్పుడే తేలుతుంది. పిస్టన్లు తెప్పించి మైక్రోమీటరుతో కొలిచాకే బోరింగ్ మొదలుపెట్టాలి. డబ్బా మీది సైజును నమ్మి ఎక్కువ కోస్తే ఆ లోహం మళ్లీ రాదు, లోపల కొత్త గొట్టం (లైనర్) వేయాల్సిందే.

చివరగా రాళ్లతో సన్నని గీతలు వచ్చేలా రుద్దే హోనింగుకు 0.05 నుంచి 0.08 మి.మీ. మిగల్చాలి. అద్దంలా నున్నగా వదిలితే ఆయిల్ నిలవదు, రింగులు కుదురుకోవు, ఇంజన్ ఆయిల్ తాగుతుంది. హోనింగు కాగానే తీసిన కొలతనూ నమ్మకూడదు. పోత ఇనుము 20 డిగ్రీలు వేడెక్కితే 100 మి.మీ. బోరు (సిలిండర్ రంధ్రం) 0.02 మి.మీ.కు పైగా పెరుగుతుంది. సరిపోయిందని దించిన బ్లాకు చల్లారాక బిగుసుకుంటుంది, ఇంజన్ నడిచేటప్పుడు పిస్టన్ పట్టేస్తుంది. బ్లాకు, పిస్టన్, గేజీ ఒకే నీడలో చల్లారాకే చివరి కొలత తీయాలి. ఆ తర్వాత బోరును వేడి సబ్బునీళ్లతో, తెల్లబట్టకు మరక అంటనంతవరకు కడగాలి. ఒట్టి డీజిల్‌తో తుడిస్తే రాతిపొడి గీతల్లోనే ఉండిపోయి కొత్త రింగులను తినేస్తుంది.

క్రాంకు గ్రైండింగులో జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మూలన ఉండే గుండ్రని వంపును అలాగే ఉంచాలి. గ్రైండింగు చక్రం అంచును ఆ వంపుకు తగ్గట్టు చెక్కకుండా (డ్రెస్ చేయకుండా) మూలను పదునుగా కోస్తే, పగులు అక్కడే మొదలై క్రాంకు విరుగుతుంది.

ఐటీఐలను అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చి సీఎన్‌సీ (కంప్యూటర్ నడిపే మిషన్లు), రోబోటిక్స్ నేర్పడం సంతోషమే. వాటి పక్కన డయల్ బోర్ గేజీలు, మైక్రోమీటర్లు, తుక్కు దుకాణాల్లో దొరికే పాత బ్లాకులు, క్రాంకులు కూడా పెట్టాలని అధికారులను కోరుతున్నాం. ఒకే బ్లాకును పదిమంది విడివిడిగా కొలిచి, రాసుకున్న అంకెలు పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా 0.01 మి.మీ. దాటితే మళ్లీ కొలిపించాలి. ఆ తేడా కుదిరేదాకా ఎవరికీ సిలిండర్ కోసే బోరింగ్ బారు ఇవ్వకూడదు.

– ఇంజన్ రీబోరింగ్ పనివారం, మిర్యాలగూడ