అరకులో ఆవ్‌యున్ పండుతుందా?

సంపాదకుల వారికి,

చైనాలోని యున్నాన్ కొండల్లో తయారయ్యే ఖరీదైన రెడ్ వైన్ ‘ఆవ్‌యున్’ గురించి మీ పత్రికలో వచ్చిన వ్యాసం బాగుంది. కానీ మన అరకు కొండల మీద కూడా అలాంటి ద్రాక్ష పండుతుందన్న చివరి మాట నమ్మి ఎవరైనా అప్పు చేసి పందిరి వేస్తే నష్టపోతారు.

ఆ తోటలు మెకాంగ్ ఎగువ లోయలో, మెయ్‌లి మంచుకొండల దగ్గర, 2,200 నుంచి 2,600 మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అక్షాంశం దాదాపు ఢిల్లీదే. 100 మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి ఢిల్లీ కంటే 12 నుంచి 14 డిగ్రీలు చల్లన. అరకు ఎత్తు 900 మీటర్ల పైచిలుకు. విశాఖతో పోలిస్తే తేడా ఐదారు డిగ్రీలే. అయినా ఎత్తు కంటే ముందు చూడాల్సింది, కాయ ఏ నెలలో పండుతుందన్నది.

అక్కడ తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. కోత అక్టోబరు, నవంబరుల్లో. అంటే కాయ పండేకొద్దీ రాత్రులు చల్లబడతాయి. వెచ్చటి రాత్రుల్లో కాయ తనలోని మాలిక్ ఆమ్లాన్ని ఖర్చు చేసేసుకుంటుంది. చలికి ఆ పని మందగించి పులుపు నిలుస్తుంది. ఎత్తు మీద అతినీలలోహిత కిరణాలూ ఎక్కువే, వాటిని తట్టుకోవడానికి తొక్కలో రంగు, వగరు పెరుగుతాయి. రుతుపవన మేఘాలను కొండలే చాలావరకు ఆపుతాయి.

మనకు వరుస తిరగబడుతుంది. ఏప్రిల్‌లో తీగకు ఒక కత్తిరింపు, అక్టోబరులో కాయల కోసం రెండో కత్తిరింపు. తీగకు అసలైన నిద్ర లేదు కనుక కళ్లన్నీ ఒకేసారి చిగురించడానికి హైడ్రోజన్ సైనమైడ్ అనే రసాయనం పూయాలి. చిగురు మీద తుపాను వాన పడిందా, బూజు తెగులు గుత్తులనే తినేస్తుంది. అది దాటినా కోత ఫిబ్రవరి, మార్చిల్లో, ఎండలు ముదిరే వేళ. చక్కెర 24 బ్రిక్స్‌కు (రసంలోని తీపి కొలత) పరుగెత్తుతుంది, గింజ మాత్రం పచ్చిగానే ఉంటుంది. కొరికి చూడండి: గోధుమ రంగుకు తిరిగి కరకరలాడకపోతే వైన్‌లో చేదు తప్పదు. ఆగుదామంటే పులుపు పడిపోతుంది. పులుపు తగ్గేకొద్దీ పెరిగే పీహెచ్ 3.8 దాటితే, వైన్ చెడకుండా వేసే సల్ఫర్ డయాక్సైడ్ సరిగా పనిచేయదు, బ్యాక్టీరియా చేరుతుంది. లీటరుకు 1-2 గ్రాముల టార్టారిక్ ఆమ్లం కలపొచ్చు కానీ, అది మరమ్మతు మాత్రమే.

ఎత్తు వరమేమీ కాదు. చల్లటి ఏడాది వస్తే అక్కడి కాబర్నే రకం ద్రాక్ష కూడా పూర్తిగా పండక పచ్చి క్యాప్సికం వాసన కొడుతుంది. తొక్క మందం కనుక పులిసేటప్పుడు అతిగా కలిపితే నోరు బిగుసుకుపోయేంత వగరు దిగుతుంది. తొలి రోజుల్లో, ఇంకా ఆల్కహాల్ తక్కువగా ఉన్నప్పుడే రసాన్ని తొక్కల మీదికి బాగా తోడి పోయాలి. తర్వాత చేయి తగ్గించాలి, ఎందుకంటే ఆల్కహాల్ పెరిగేకొద్దీ గింజల్లోని చేదు వగరు బయటికొస్తుంది. పైగా నాలుగు ఊళ్లలో 300కు పైగా చిన్న మళ్లు, ఒక్కోటి ఒక్కో సమయానికి పక్వానికొస్తుంది, పనంతా చేతులతోనే. 2013 నాటి తొలి పంట సీసా దాదాపు 300 డాలర్లు పలికిందంటే సగం కారణం ఇదే. మిగతా సగం పేరు మహిమ, వెనకున్నది ఫ్రాన్స్ విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్ మరి.

అరకులో ప్రయత్నించనే వద్దని కాదు. కాబర్నే బదులు వేడిని తట్టుకునే షిరాజ్ రకాన్ని, 110ఆర్ అనే రకం వేరు మొక్క మీద అంటుకట్టి, పావు ఎకరంలో వేసి చూడొచ్చు. మొక్క కొనేముందు మాత్రం రెండేళ్లపాటు అదే చెలకలో గంటగంటకూ ఉష్ణోగ్రత నమోదు చేసే చిన్న యంత్రం పెట్టాలి. ఫిబ్రవరి, మార్చి రాత్రుల్లో కనిష్ఠం 15 డిగ్రీల లోపు ఎన్నాళ్లు నిలుస్తోందో, అక్టోబరు కత్తిరింపు తర్వాత నెల రోజుల్లో ఎంత వాన పడుతోందో రాసుకున్నాకే పందిరి రాళ్ల బేరం.

ఇట్లు,
ద్రాక్ష సాగు, వైన్ తయారీ రంగంలో ఉన్న ఒక పాఠకుడు,
హైదరాబాద్