ఆ 48 ఏళ్ల సంగతి ఎందుకు రాయలేదు?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో స్కర్వీ మీద, అంటే తాజా పళ్లు, కూరలు లేక సి విటమిన్ తగ్గి వచ్చే జబ్బు మీద, వేసిన అరపేజీ వ్యాసం చదివాను. ఎవరైనా రాస్తారేమోనని కొన్ని రోజులు చూశాను, ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తున్నాను. 1747లో బ్రిటిష్ నేవీ డాక్టరు జేమ్స్ లిండ్ నిమ్మకాయతో మందు కనిపెట్టాడు, దాంతో నావికుల కష్టాలు తీరాయి అని ముగించేశారు. తీరలేదండీ! బ్రిటిష్ నేవీ నిమ్మరసం ఇమ్మని ఆర్డరు వేసింది 1795లో. అంటే 48 ఏళ్లు. అప్పటికి లిండ్ చనిపోయి ఏడాది. ఈలోగా ఎంతమంది చిగుళ్లు కుళ్లి, పళ్లు ఊడి, ఎప్పుడో మానిన గాయాలు మళ్లీ తెరుచుకుని సముద్రంలో చచ్చిపోయారో ఆ వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

అసలు కథ లిండ్‌తో మొదలుకాలేదు. వాస్కో డ గామా మన పశ్చిమ తీరం నుంచి తిరిగి వెళ్లేటప్పుడు అరేబియా సముద్రం దాటడానికే మూడు నెలలు పట్టి, సుమారు 30 మంది స్కర్వీతో పోయారు. 1499 జనవరిలో ఆఫ్రికా తూర్పు తీరంలోని మలిందీ చేరగానే వాళ్లు జబ్బుపడ్డవాళ్ల కోసం అడిగింది నారింజపళ్లు. అంటే ఓడలో పనిచేసేవాడికి అప్పటికే తెలుసు. 1536లో కెనడా చలికి ఇరుక్కుపోయిన ఫ్రెంచి నావికుడు కార్టియే మనుషులను అక్కడి స్థానికులు ఒక చెట్టు ఆకులూ బెరడూ కాచి తాగించి బతికించారు. 1601లో ఈస్టిండియా కంపెనీ మొదటి నాలుగు ఓడలు బయలుదేరినప్పుడు వాటి నాయకుడు జేమ్స్ లాంకాస్టర్ తన ఓడలో రోజూ పొద్దున్నే మూడు చెంచాల నిమ్మరసం పోయించాడు. మిగతా మూడు ఓడల వాళ్లు ఎంత నీరసించిపోయారంటే, రేవులో లంగరు వేయడానికి కూడా ఇతని మనుషులే వెళ్లి సాయం చేయాల్సి వచ్చింది. కళ్లెదుట ఇంత తేడా కనబడ్డాక కూడా 1740లో బ్రిటిష్ నేవీ అధికారి ఆన్సన్ వెంట ఓడల్లో వెళ్లిన సుమారు 1,900 మందిలో 1,400 మంది దాకా చనిపోయారు, ఎక్కువమంది స్కర్వీతోనే.

లిండ్‌ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విడదీసి ఒక జంటకి వెనిగర్, ఒక జంటకి సముద్రపు నీళ్లు, ఒక జంటకి రోజూ రెండు నారింజలు, ఒక నిమ్మకాయ... ఇలా పోల్చి చూడడం గొప్ప ఆలోచన. పళ్లు ఆరు రోజులకే అయిపోయినా ఆ జంటే లేచి తిరిగింది. కానీ ఆయనే తర్వాత, నిల్వ ఉండడానికి రసాన్ని మరిగించి చిక్కబరచమన్నాడు, మరిగిస్తే అందులో సత్తువ పోతుంది. ఈలోపు పెద్దపెద్దవాళ్లు మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ) కషాయమే మందని నమ్మారు. పేరున్న నావికుడు కెప్టెన్ కుక్ కూడా దాన్ని మెచ్చుకోవడంతో ఆ నమ్మకం బలపడింది. చివరికి గిల్బర్ట్ బ్లేన్ అనే పలుకుబడి ఉన్న డాక్టరు పట్టుబట్టాక, 1794లో సఫోక్ అనే ఓడ నిమ్మరసంతో 23 వారాలు ఎక్కడా ఆగకుండా మన మద్రాసు చేరితే గానీ పైవాళ్లు కదల్లేదు.

నాకు కోపం తెప్పించేది ఇదే. కింద పనిచేసేవాడికి విషయం తెలుసు, పైవాడు వినడు, పలుకుబడి ఉన్నవాడు చెప్పేదాకా ఫైలు కదలదు. ఊళ్లో తాగునీరు రంగు మారిందని ఆశా కార్యకర్త చెప్తే ఎవరు పట్టించుకుంటున్నారు? విరేచనాలతో జనం ఆస్పత్రిలో చేరాక అధికారులు జీపుల్లో దిగుతారు. స్కూళ్లలోనూ అంతే, సి విటమిన్ లోపిస్తే స్కర్వీ అని పిల్లలచేత బిట్ ప్రశ్నకి బట్టీ పట్టిస్తున్నారు, అది తెలియడానికి ఎన్ని వందల ఏళ్లు, ఎన్ని ప్రాణాలు పట్టాయో చెప్పే టీచర్ ఏడి? ఒకప్పుడు పత్రికల్లో సైన్స్ వ్యాసం అంటే రాసినవాడు నాలుగు పుస్తకాలు తిరగేసేవాడు.

ఇంకోటి, మీరు వేసిన ఫొటోలో ఉన్నది మన తెనాలి, గూడూరు మార్కెట్లలో కనబడే చిన్న నిమ్మ. లిండ్ వాడింది పెద్ద పసుపు నిమ్మ. ఈ తేడా చిన్నది కాదు. 1860ల్లో నేవీ వెస్టిండీస్ చిన్న నిమ్మకి మారింది, 1875లో ఆర్కిటిక్ (ఉత్తర ధ్రువ ప్రాంతం) వెళ్లిన బ్రిటిష్ కెప్టెన్ నేర్స్ బృందాన్ని స్కర్వీ మళ్లీ పట్టుకుంది. చిన్న నిమ్మరసం బలం పెద్దదానిలో దాదాపు నాలుగో వంతేనని 1918లో బ్రిటిష్ శాస్త్రవేత్త హ్యారియట్ చిక్ బృందం తేల్చింది. హంగేరీ శాస్త్రవేత్త సెంట్ జార్జీ సి విటమిన్ సంగతి తేల్చి నోబెల్ అందుకునేసరికి 1937 వచ్చింది.

సవరణ వేస్తే పూర్తిగా వేయండి, మూలన రెండు లైన్లలో చింతిస్తున్నాం అని కాదు. మీ అనుబంధం కత్తిరించి ప్రాజెక్టు పుస్తకాల్లో అంటించుకునే పిల్లలున్నారు.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, కాకినాడ