ఆంథూరియం శివరాత్రి దాంక అమ్మను

అన్నలకు, అక్కలకు నమస్తే. నల్లగొండల మన నర్సరీకి వచ్చేటోళ్లందరికి ఒక మాట చెప్పాలె, జెర ఓపికతోటి చదువుండ్రి.

పోయిన డిసెంబర్ల రాజమండ్రి పక్కన నర్సరీల ఊరు కడియం పోయి ఒక డీసీఎం నిండ ఆంథూరియం, అగ్లోనిమా, కలథియా అనే ఇంట్ల పెట్టుకునే మొక్కలు తెచ్చిన, పండుగకు మంచిగ పోతయని. పోయినయి గూడ, పదిహేను రోజులల్ల పది కుండీలే మిగిలినయి. జనవరి నడుమల ఫోన్లు మొదలైనయి, ఆకులు నల్లబడ్డయన్నా, ఉడకబెట్టినట్టు మెత్తగైనయన్నా అని. అందరికి "నీళ్లు ఎక్కువ పోసిండ్రు" అనే చెప్పిన. షెడ్డుల ఉన్న నా పది అగ్లోనిమాలు గూడ అట్లనే అయినయి, వాటికి నీళ్లు పోసింది నేనే కదా, అప్పుడు గానీ తెలిసిరాలే, తప్పు అమ్మిన నాదే అని.

కడియంల చలి అసలు చలే కాదు. సముద్రం దగ్గర, పక్కనే గోదావరి, గాలిల తడి ఉంటది కాబట్టి రాత్రి గూడ వెచ్చగనే ఉంటది. మన దిక్కు మబ్బు లేని రాత్రి నేల వేడంత పైకే పోతది, కొన్ని రోజులు తెల్లారగట్ల 12, 13 డిగ్రీలకు పడ్తది, మధ్యాహ్నం మళ్ల 30 దగ్గర, గాలేమో పొడి. అగ్లోనిమా 15 కిందికి పోతే ఆగదు. మంచు పడాల్సిన పనే లేదు, ఆ చలికే ఆకు లోపల దెబ్బతింటది, వేర్లు నీళ్లు గుంజుడు తగ్గుతది, మనం ఎండాకాలం లెక్కనే పోస్తుంటే కుళ్లుడే ఇగ.

అందుకే ఈసారి ఆ మూడు రకాలు శివరాత్రి దాంక తెస్తలేను. బంతి, చేమంతి, పెటూనియా ఉన్నయి, అవిటికి ఈ చలే కావాలె.

ఇండ్లల్ల ఇప్పటికే ఉన్నోళ్లు కుండీని బండల మీద పెట్టకుండ్రి, కింద చెక్కనో థర్మాకోలో వేసి గోడ వారకు, పైన స్లాబు ఉన్నకాడ పెట్టుండ్రి. నీళ్లు పొద్దుగాల పది దాటినంక, మట్టి పైన ఎండితేనే. ఎరువు బంద్. కవర్ కప్పేటోళ్లు పొద్దున తీసెయ్యాలె, లేకుంటే మధ్యాహ్నానికి లోపల ఉడికిపోతది (ఒకక్క మూడు రోజులు తీయనే లేదంట, ఏం చెప్పాలె).

కలాడియం ఆకులన్ని రాలిపోయినయని కుండీ పారేసినోళ్లు నలుగురున్నరు. అది సావలే, గడ్డ లోపల నిద్రపోతది, నీళ్లు ఆపి పక్కకు పెడ్తే ఎండలు ముదిరినంక మళ్ల లేస్తది. అడీనియం గూడ ఆకు రాలుస్తది, భయపడకుండ్రి.

ఇంకొకటి, డ్రసీనా, స్పైడర్ ప్లాంట్ కొసలు ఎండుడు అన్నిసార్లు చలికి కాదు. మన బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ సంగతి మనకు వేరే చెప్పాల్నా, మనుషులనే వంచింది, ఆ మొక్కలెంత. కాగబెట్టి పోస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఇగిరి ఇంకా చిక్కగైతది. ఆర్‌వో నుంచి బయటికి పోయే వేస్ట్ నీళ్లు అసలే వద్దు. వాన నీళ్లు పట్టుకుంటే బెస్ట్.

పోయినసారి నా దగ్గర కొని పోగొట్టుకున్నోళ్లు ఖాళీ కుండీ పట్టుకొని రాండ్రి, శివరాత్రి అయినంక అదే మొక్క సగం రేటుకు ఇస్త. ఫ్రీగ ఇయ్యాలెనని నాకూ ఉంది, కానీ ఆ లోడు అప్పు ఇంకా తీరలే. బిల్లు లేకున్నా పర్వాలే, నా కుండీ నేను గుర్తుపడ్త.