దామలచెరువు కనుమ దగ్గర రాతిపలక పెట్టాలి

సంపాదకులకు,

దామలచెరువు అంటే ఇప్పుడు మామిడి మండీలే గుర్తొస్తాయి. ఆర్కాటు నవాబు దోస్త్ అలీ ఖాన్ 1740 మే 20న ప్రాణం పోగొట్టుకున్నది ఆ కనుమలోనే. రఘోజీ భోంస్లే మరాఠా దండు ఎదురుగానే వస్తుందని ఆయన కనుమ నోటికి కాపు కాశారు. వాళ్లేమో వేరే దారిన కొండలు దాటి వెనక నుంచి విరుచుకుపడ్డారు. వెనక దారిని గాలికొదిలేయడమే కొంప ముంచింది. కొడుకు హసన్ అలీ కూడా అక్కడే పోయాడు. పెద్దకొడుకు సఫ్దర్ అలీ సేన సమయానికి అందలేదు, చివరికి కోటి రూపాయలకు ఒప్పుకుని రాజీపడ్డాడు. మరుసటి ఏడు తిరుచిరాపల్లి కూడా మరాఠాల చేతిలో పడిపోయి, దాన్ని ఏలుతున్న దోస్త్ అలీ అల్లుడు చందా సాహెబ్ బందీ అయ్యాడు. ఈ వివరాలు తేదీలతో సహా చెక్కిన రాతిపలకను పాకాల రోడ్డు పక్కన పెట్టించాలని పురావస్తు శాఖను కోరుతున్నాం.

– చరిత్ర అభిమానులు, తిరుపతి