మొగ ఒక్కటే తవ్వితే పులికాట్ నిలవదు: మత్స్యశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ మంత్రి గారికి,

నమస్కారం. పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే రాయదొరువు, కొండూరుపాలెం ముఖద్వారాల్లో, అంటే మొగల్లో, పూడిక తీయాలన్న మాట ఏళ్ల తరబడి నలుగుతోంది. తీయాల్సిందే. అయితే ఎప్పుడు తవ్వాలి, తీసిన ఇసుక ఎక్కడ పోయాలి, సరస్సు లోపల ఏం చేయాలి అన్నవి తేల్చకుండా యంత్రాలు దించితే ఆ డబ్బు కూడా ఇసుకలోనే పూడిపోతుంది.

మన తీరంలో నైరుతి గాలులున్నంత కాలం అలలు ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య రుతుపవనాల్లో అది దక్షిణానికి తిరుగుతుంది. ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. మే నెలలో మొగ తెరిస్తే సరస్సులో దాన్ని బయటికి తోసే నీరు ఉండదు, బయట ఇసుక మాత్రం జోరు మీద ఉంటుంది. వానలు పడేలోపే మళ్లీ మేట వేస్తుంది. అందుకే లోపలి కాలువల పని ఏప్రిల్‌లో మొదలుపెట్టి సెప్టెంబరుకల్లా ముగించండి. మొగ దగ్గర చివరి అడ్డుకట్టను అక్టోబరులో, వాగులు పొంగే ముందు తెంచండి. అప్పుడు వాగుల వరదే గండిని కోసి వెడల్పు చేస్తుంది. ఫ్లెమింగోలు దిగేవేళకు యంత్రాల రొదా ఉండదు.

తవ్విన ఇసుకను రెండు గట్ల మీదా కుప్పపోయడం పెద్ద పొరపాటు. దక్షిణపు గట్టు మీద పోసింది నేరుగా గండిలోకే వస్తుంది. మొగకు ఉత్తరంగా, కనీసం అర కిలోమీటరు అవతల పరవాలి. జనవరి నుంచి తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక జోలికి పోకూడదు. లోపల తీసిన బురద వేరు, దాన్ని తీరంలో కలపకండి. దీవుల కట్టలు ఎత్తు చేయడానికి అది పనికొస్తుంది.

అసలు చిక్కు లోపల ఉంది. మొగను తెరిచి ఉంచేది పోటుకు లోపలికొచ్చి పాటుకు వెళ్లే నీరే. నూరు చదరపు కిలోమీటర్లలో నీరు పది సెంటీమీటర్లు లేచి దిగితే కోటి ఘనపు మీటర్లు ఆ గండి గుండా పోయి వస్తాయి. పూడిక వల్ల సగం విస్తీర్ణానికే పోటు అందితే 50 లక్షలే. ఆ బలహీనమైన ఒరవడి ఇసుకను నెట్టలేదు, మొగ మూసుకుంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సుకు అడ్డుకట్టలా ఉంది. దాని కింది తూముల పూడిక తీసి, చాలనిచోట వెడల్పు చేయకపోతే ఉత్తరపు మొగలు తెరిచినా దక్షిణాన ఇరకం దీవి వైపు నీళ్లు సరిగా కదలవు. ఆ వైపుకు తమిళనాడులోని పలవేర్కాడు మొగ కూడా ప్రాణమే కాబట్టి రెండు ప్రభుత్వాలూ కలిసి కూర్చోక తప్పదు.

టైగర్ రొయ్య గుడ్లు పెట్టేది సముద్రంలో. దాని పిల్ల పోటుతో లోపలికొచ్చి, ఎదిగి, తిరిగి కడలికి పోతుంది. దారి మూస్తే వలలో రొయ్య ఉండదు. ఎండాకాలం భీమునివారిపాలెం నుంచి ఇరకం వెళ్లే పడవ ఫ్యాను బురదలో తిరిగి ఆగిపోతుంది, మనుషులు దిగి మోకాలి లోతులో తొయ్యాలి. పురిటి నొప్పులతో ఉన్న ఆడబిడ్డ ఆ పడవలో ఉంటుంది, సార్. అందుకే ఈ పడవ దారి కాలువకు నడివేసవిలోనూ మీటరు లోతు ఉండాలని టెండరులోనే రాయండి.

రోడ్డుకు రెండు పక్కలా, ఇరకం రేవులో, మొగ దగ్గర వారానికోసారి నీటి ఉప్పదనం (సెలినిటీ) కొలిపించండి. ఆక్వా రైతుల చేతుల్లో ఉండే రిఫ్రాక్టోమీటరు చాలు. సముద్రపు 35 పీపీటీని (వెయ్యి భాగాల నీటిలో 35 భాగాల ఉప్పు) దాటి అంకె పెరుగుతూ పోతోందంటే లోపలి నీరు ఇగిరిపోతోంది, కొత్త నీరు రావడం లేదు అని అర్థం.

పులికాట్ 1976లో ప్రకటించిన పక్షుల అభయారణ్యం. వన్యప్రాణి మండలి, తీర నియంత్రణ అనుమతులకు నెలలు పడతాయి. ఏప్రిల్‌లో పని మొదలవ్వాలంటే దరఖాస్తులు ఇప్పుడే కదలాలి. టెండరుకు ముందే కాలువల పటాన్ని ఇరకం గ్రామసభలో పెట్టించండి. ఏ దిబ్బ ఎటు జరుగుతుందో రోజూ పడవ నడిపేవాళ్లు చూపిస్తారు.

ఇట్లు,
పులికాట్ తీర గ్రామాల మత్స్యకారులు