కూల్చిన రేకులను ఎక్కడ పోయాలి?

సంపాదకుల వారికి నమస్కారములు.

నకిరేకల్‌లో మేముండే వీధిలో గత నెల ఒక పాత రేకుల ఇంటిని కూల్చారు. ఇందిరమ్మ ఇల్లు మంజూరైన కుటుంబం అది, ముహూర్తం దగ్గర పడిందని తొందరలో ఉన్నారు. పైకెక్కిన కూలీలు, తుప్పు పట్టిన బోల్టులు ఊడిరాకపోవడంతో, సుత్తులతో రేకులను పగలగొట్టి కిందికి విసిరారు. లేచిన దుమ్ము పక్కిళ్లలో ఆరేసిన బట్టల మీదా, అరుగు మీద ఎండబెట్టిన మిరపకాయల మీదా పడింది. సాయంత్రం ట్రాక్టరు వచ్చి ముక్కలన్నిటినీ ఎత్తుకుపోయి, చెరువుకట్ట వైపు పోయే బాటలో గుంతలు పూడ్చింది. ఇందులో ఆ ఇంటివారినో కూలీలనో తప్పుపట్టలేను. ఆ దుమ్ము ఏమిటో వారికి చెప్పినవారు లేరు.

మనం సిమెంటు రేకులనే వాటిలో చాలావరకు ఆస్‌బెస్టాస్ కలిసి ఉంటుంది. దీనికి తెలుగులో రాతినార అనే పేరుంది, ఆ పేరులోనే దాని గుణమంతా ఉంది: రాయి అయి ఉండి నారలా చీలుతుంది, చీలిన పోగు మళ్లీ చీలుతుంది, చివరికి వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్ననై కంటికి ఆనకుండా గాలిలో తేలుతుంది. ఊపిరితో లోపలికి పోయిన ఈ పోగులను మన శరీరం కరిగించుకోలేదు. ఏళ్ల తరబడి ఆ దుమ్ము పీల్చినవారికి ఊపిరితిత్తులు మచ్చలు కట్టి గట్టిపడి ఆయాసం మొదలవుతుంది, దాన్నే ఆస్‌బెస్టోసిస్ అంటారు. దాన్ని వెనక్కి మళ్లించే మందు లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్, స్వరపేటిక క్యాన్సర్, ఊపిరితిత్తులను చుట్టి ఉండే పొరకు వచ్చే మీసోథీలియోమా అనే క్యాన్సర్ కూడా దీనివల్ల వస్తాయి. తెల్లదైనా నీలిదైనా గోధుమరంగుదైనా అన్ని రకాల ఆస్‌బెస్టాస్ క్యాన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది. బీడీ, సిగరెట్ తాగేవారికి ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఇంకెన్నో రెట్లు పెరుగుతుంది.

అసలు చిక్కు ఏమిటంటే, ఈ జబ్బులు బయటపడడానికి సాధారణంగా 20 నుంచి 40 ఏళ్లు పడుతుంది. ఫ్లోరైడ్ నీళ్లు ఎముకలను వంచేదాకా ఆ కీడు కంటబడని జిల్లా మనది, ఈ ఆలస్యం సంగతి మనకు విడమరిచి చెప్పనక్కరలేదు. పాతికేళ్ల వయసులో రేకులు కోసిన మేస్త్రీ అరవైలో దమ్ముతో ఆసుపత్రికి వస్తే టీబీ అనో, పొగతాగే అలవాటనో అనుకుంటారు తప్ప, వయసులో ఉన్నప్పుడు ఏం పని చేశావని అడిగే వైద్యులు అరుదు. దుమ్ము పట్టిన పనిబట్టలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా మీసోథీలియోమా వచ్చిన ఉదాహరణలు అనేక దేశాల్లో నమోదయ్యాయి. కనుక ఆ ప్రశ్న ఆడవారినీ అడగాలి.

రేకుల ఇండ్లలో ఉన్నవారిని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. గూనపెంకులను కోతులు బతకనివ్వకపోతే, గడ్డి కప్పును ఏటేటా మార్చే ఓపిక లేకపోతే, చవకగా దొరికిన రేకు మన పేదలకు నీడనిచ్చింది. పగలకుండా కప్పు మీద ఉన్న రేకులో పోగులను సిమెంటు పట్టి ఉంచుతుంది. గ్రైండరుతో కోసినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు, నాచు పోవాలని ఇనుప బ్రష్షుతో గీకినప్పుడు, గాలిదుమారానికి ఎగిరిపడి ముక్కలైనప్పుడు అవి విడిపోతాయి. బాటలో పోసిన ముక్కలను టైర్లు నలిపినప్పుడు కూడా అదే జరుగుతుంది, పైగా రోజూ జరుగుతుంది.

1995లో సుప్రీంకోర్టు ఈ పరిశ్రమలో పనిచేసినవారి ఆరోగ్య వివరాలను పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ల పాటు గానీ, పని మానిన తరువాత 15 ఏళ్ల పాటు గానీ, ఏది తరువాత ముగిస్తే అప్పటివరకు భద్రపరచాలని ఆదేశించింది. మంచి తీర్పే, కానీ దాని రక్షణ ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగిపోయింది. అడ్డా మీద కూలికి నిలబడే మనిషి పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. యూరోపియన్ యూనియన్ 2005 నాటికే ఈ ఖనిజాన్ని నిషేధించింది. మన దేశంలో తవ్వకాలకు కొత్త లీజులు ఆపి దశాబ్దాలు గడిచినా, రష్యా వంటి దేశాల నుంచి దిగుమతి చేసుకుని రేకులు తయారు చేస్తూనే ఉన్నారు. నిషేధం ఢిల్లీలో తేలవలసిన విషయం గనుక దాని జోలికి ఇక్కడ పోను.

జిల్లాలో తేల్చగలిగినవి వేరే ఉన్నాయి. పాత రేకుల కప్పు తీసి కొత్త ఇల్లు కట్టుకునేవారికి మంజూరు పత్రంతో పాటే ఒక కాగితం తెలుగులో ఇవ్వవచ్చు: రేకులను ముందుగా నీళ్లతో బాగా తడపాలి, బోల్టులు కోసి పూర్తి రేకుగా తాళ్లతో దించాలి, ముక్కలను చీపురుతో పొడిగా ఊడ్వకుండా తడిపి మందపాటి పాలిథిన్‌లో చుట్టాలి. మూతికి కట్టుకునే తువ్వాలు ఈ పోగులను ఆపదు కాబట్టి కూలీలకు అతి సన్నని దుమ్మును కూడా ఆపే పీ100 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ3 రకం మాస్కులు ఇవ్వాలి. ప్రతి మండలానికి బావులకు, చెరువులకు దూరంగా ఒక స్థలం చూపించి, అక్కడ రేకులను పగలకుండా పూడ్చి మట్టి కప్పే ఏర్పాటు మున్సిపాలిటీలు, గ్రామపంచాయతీలు చేయాలి. బడులలోనూ అంగన్‌వాడీలలోనూ పగిలిన రేకులుంటే సెలవుల్లోనే మార్చాలి. ఆస్‌బెస్టాస్ లేని రేకులు మార్కెట్లో దొరుకుతున్నాయి, ధర కొంత ఎక్కువ.

చెరువుకట్ట బాటలో పోసిన ముక్కలు ఈ ఉత్తరం రాసే నాటికి ఇంకా అక్కడే ఉన్నాయి. బడి పిల్లలు ఆ దారినే పోతారు. కనీసం వాటిని తడిపి ఎత్తించి, బాట మీద మొరం పోయించాలని అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నకిరేకల్, నల్లగొండ జిల్లా